మంట ఆర్పేటోని ఊపిరికి పూచీ ఎవరిది?

2025 మే 18, ఆదివారం పొద్దుగాల. చార్మినార్‌కు కూతవేటు దూరంల, గుల్జార్ హౌజ్ చౌరస్తా కాడ ఒక పాత ఇల్లు అంటుకున్నది. కింద ముత్యాల దుకాణాలు, మీద సంసారం. 6.16కు ఫైర్ వాళ్లకు ఫోన్ పోయింది. మొఘల్‌పురా స్టేషన్ బండి నిమిషాలల్ల వచ్చింది. లోపలికి పోనీకి ఇరుకు దారి, మీదికి ఎక్కనీకి ఒక్కటే మెట్ల వరుస. 17 మంది పానాలు పోయినయ్. అండ్ల 8 మంది పిల్లలు. ఎక్కువమందిని తీసుకపోయింది మంట కాదు, పొగ.

ఆ దినం టీవీలల్ల మస్తు ప్రశ్నలు ఇన్నం. కరెంటు తీగల సంగతేంది? పాత ఇండ్లకు అనుమతులేంది? అంబులెన్సు ఎప్పుడొచ్చింది? అన్నీ అడగాల్సినవే. ఒక ప్రశ్న మాత్రం నాకు ఎక్కడ ఇనవడలే. అదే పొగలకు జొరబడి మనుషులను బయటికి మోసుకొచ్చిన ఫైర్‌మన్ ఊపిరితిత్తుల సంగతేంది? ఇరవై ఏండ్ల తర్వాత ఆయనకు రోగమొస్తే, అది ఈ నౌకరితోనే వచ్చిందని ఎవరు రాసిస్తరు?

నేను పెద్ద సదువులు సదివినోన్ని కాదు. బస్తీలల్ల, కార్మిక సంఘాలల్ల తిరుక్కుంట, జీవోలు, కోర్టు తీర్పులు ముందట వేసుకొని ఒక్కొక్క ముక్క కూడబలుక్కుంట నేర్చుకున్నోన్ని. ఆ ఎరికతోని చెప్తున్న. ఫైర్‌మన్‌కు హెల్త్ కార్డు ఇచ్చుడు వేరు, ఆయన రోగానికి పూచీ పడుడు వేరు. కార్డు కోసం మన ఉద్యోగ సంఘాలు చాన కొట్లాడినయ్. పూచీ కోసం కొట్లాట ఇంక గట్టిగ మొదలు కాలే. దునియాల ఎక్కడెక్కడ ఫైర్‌మన్ల సంఘాలు గెలిచినయో, అవి ఈ పూచీ కాణ్నే గెలిచినయ్.

ఇది మీ ఇంటి ముచ్చట

పట్నపోళ్ల ముచ్చట మాకెందుకన్నా అనకుండ్రి తమ్మీ. చార్మినార్ గల్లీల పైపు పట్టుకొని ఉరికే పిలగాడు ఎక్కడోడనుకున్నరు? పాలమూరోడు, నల్లగొండోడు, ఆదిలాబాదోడు. పోలీసు నియామక మండలి కానిస్టేబుల్ పోస్టులతోని పాటే ఫైర్‌మన్ పోస్టులు గూడ నింపుతది. మీరు ఊర్లె చెర్వు కట్ట మీద తెల్లారంగ ఉరికేది ఆ నౌకరి కోసమే కదా. 2024 అక్టోబర్‌ల వట్టినాగులపల్లి ట్రైనింగ్ సంస్థ నుంచి 483 మంది కొత్త ఫైర్‌మన్లు పరేడ్ చేసి బయటికొచ్చిన్రు. వాళ్ల అమ్మనాయినలు ఎక్కువమంది ఎవుసం చేసుకునేటోళ్లే.

ఒక్క మాట గుర్తువెట్టుకోండ్రి. నౌకరిల చేరేటప్పుడు ఎత్తు కొలుస్తరు, ఉరికిస్తరు, డాక్టర్ కాడికి పంపుతరు. ఫిట్ అని కాయితం వస్తేనే ఆర్డర్ చేతికిస్తరు. అంటే ఈ మనిషి గట్టిగున్నడని సర్కారే రాసుకున్నది. రేపు రిటైరయ్యేనాటికి ఆ మనిషి గట్టిగ లేకుంటే, నడుమ ఏం జరిగిందో చెప్పే బాధ్యత ఎవరిది? ఈ వ్యాసం మొత్తం ఆ ప్రశ్న చుట్టే తిరుగుతది.

పొగల ఏముంటది?

ఎనుకట గుడిసె అంటుకుంటే గడ్డి, కట్టె కాలేది. ఇప్పటి ఇంట్ల కాలేది ఫోమ్ సోఫా, పరుపు, ప్లాస్టిక్ కుర్చీ, కరెంటు వైరు, ఏసీ. ఫోమ్ కాలితే హైడ్రోజన్ సయనైడ్ వస్తది. వైరు మీది పీవీసీ కాలితే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి వస్తది. ఏది సగం సగం కాలినా కార్బన్ మోనాక్సైడ్ వస్తది. మసిల బెంజీన్ అసుంటి, క్యాన్సర్ తెచ్చే రసాయనాలుంటయ్. పాత సిమెంటు రేకుల షెడ్డు కూలితే ఆస్బెస్టాస్ దుమ్ము లేస్తది.

పాతబస్తీల ఇది ఇంకింత ఎక్కువ. లాడ్ బజార్‌ల లక్క గాజులు, పత్తర్‌గట్టిల బట్టల దుకాణాలు. కింద దుకాణం, మీద గోదాం, ఆ మీద ఇల్లు. గల్లీ ఇరుకు, గాలి ఆడదు. పట్నంల మిగతా కాడ గూడ ఇదే కథ. 2022 మార్చి 23న బోయిగూడ తుక్కు గోదాంల 11 మంది బీహార్ కూలీలు కాలిపోయిన్రు. 2023 జనవరి 19న మినిస్టర్ రోడ్డు మీది డెక్కన్ మాల్ గంటల తరబడి పొగ కక్కింది, ఆ పొగ పీల్చి ఫైర్ సిబ్బందే పడిపోయిన్రు. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌ల అపార్టుమెంటు కింద పెట్టిన కెమికల్ డ్రమ్ములు అంటుకున్నయ్. ఇసుంటి కాడికల్లా పోయేది ఫైర్‌మన్లే.

మూతికి మాస్కు, వీపుకు గాలి సిలిండర్ ఉంటది కదా అంటరు. బీఏ సెట్ అంటరు దాన్ని. ఉంటది. ఆ సిలిండర్‌ల గాలి ముప్పై, నలభై నిమిషాల కంటె ఎక్కువ రాదు. మంట ఆరినంక బూడిద తిరగేసుడు, శిథిలాలు ఎత్తుడు గంటలకొద్ది ఉంటది. అప్పటికి మాస్కు తీసేస్తరు. పొగ కనవడది, గని విషం పోలేదు. మసి చర్మం మీద అంటుకుంటది, చెమటతోని లోపలికి ఇంకుతది. అదే డ్రెస్సు బండిల పెట్టుకొని స్టేషన్‌కు వస్తరు, ఇంటికి తెచ్చుకొని పిండుకుంటరు. ఇంట్ల ఆడోళ్లు, పిల్లలు గూడ ఆ మసి ముట్టుకుంటరు.

ఇది నా సొంత మాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒకటున్నది. 2022 జూన్‌ల 8 దేశాల సైంటిస్టులు 25 మంది కూసొని ఉన్న పరిశోధనలన్నీ తిరగేసిన్రు. ఫైర్‌మన్ పనిని మొదటి గ్రూపుల పెట్టిన్రు. మనుషులకు క్యాన్సర్ తెస్తదని పక్కా రుజువున్నవాటి గ్రూపు అది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉండేది గూడ అదే గ్రూపుల. అంతకుముందు 2007ల ఇదే పనిని "తేవచ్చు" అనే దిగువ గ్రూపుల పెట్టిన్రు. మెసోథెలియోమా అనే ఊపిరితిత్తుల పొర క్యాన్సర్‌కు, మూత్రాశయం క్యాన్సర్‌కు రుజువు గట్టిగున్నదని తేల్చిన్రు. మెసోథెలియోమా బయటపడనీకి 20 నుంచి 40 ఏండ్లు పడుతది. అంటే పాతికేండ్లప్పుడు పీల్చిన దుమ్ము అరవై ఏండ్లకు, రిటైరయి ఇంట్ల కూసున్నంక లేస్తది.

ఇప్పుడు చేతిల ఏమున్నది?

మన ఫైర్‌మన్ సర్కారు ఉద్యోగి. అందరు ఉద్యోగుల లెక్కనే ఆయనకు రెండు దారులున్నయ్.

ఒకటి రీయింబర్స్‌మెంట్. 1972 నాటి వైద్య సదుపాయ నిబంధనల కింద ముందు సొంత పైసలు కట్టాలె, బిల్లులు ఆఫీసుల పెట్టాలె, పరిశీలన అయినంక మంజూరు రావాలె. అప్పటిదాంక అప్పు మిత్తి ఎవరు కడతరు? ఇంటోళ్లే.

రెండోది నగదు లేని వైద్యం, ఈహెచ్‌ఎస్. ఉమ్మడి రాష్ట్రంల 2013 చివర్ల మొదలైంది. అప్పుడు ఉద్యోగి జీతంల నుంచి నెలకు 90 రూపాయలో, 120 రూపాయలో కోసేటోళ్లు. తెలంగాణ వచ్చినంక 2014 చివర్ల ఆ కోత లేకుంట ఇస్తమన్నరు. 2016 చివర్ల ఖైరతాబాద్‌ల మొదటి వెల్‌నెస్ సెంటర్ తెరిచిన్రు, ఓపీ చూపించుకోనీకి, మందులు తీసుకోనీకి.

కార్డు మంచిదే. ఆస్పత్రి తలుపు తెరిస్తేనే మంచిది. ప్యాకేజీ రేట్లు గిట్టుబాటు కావని, బకాయిలు రాలేదని ప్రైవేటు ఆస్పత్రులు కార్డు సూడంగనే బెడ్లు లేవంటున్నయని ఉద్యోగులు ఏండ్ల నుంచి మొత్తుకుంటున్నరు. 2025 జనవరిల ఒకసారి, సెప్టెంబర్‌ల ఇంకోసారి నెట్‌వర్క్ ఆస్పత్రులు బకాయిల కోసం సేవలే బంద్ పెట్టినయ్. ఆరోగ్యశ్రీతోని పాటు ఉద్యోగుల వైద్యం గూడ ఆగింది.

2025 మేల ఉద్యోగ సంఘాల జేఏసీ పోరుబాట పడితే, జూన్‌ల కేబినెట్ ఒక మాట చెప్పింది. ఉద్యోగుల వైద్యానికి వేరే ట్రస్టు పెడతం, ఉద్యోగి కొంత, సర్కారు అంతే కడతది అని. మళ్ల జీతంల కోత వస్తది, దాని బదులు ఆస్పత్రి తలుపు తెరుచుకుంటదని సంఘాలు ఆశ పెట్టుకున్నయ్. పైసలు కట్టినోనికి లెక్క అడిగే హక్కుంటది. ట్రస్టుల సంఘాల మనుషులు కూసోవాలనేది అందుకే.

హోం శాఖలనే పోలీసోళ్లకు "ఆరోగ్య భద్రత" అని వేరే పథకమున్నది. వాళ్ల జీతంల నుంచి నెలనెలా కట్టుకుంటరు. యూనిఫాం నౌకరికి ముప్పు వేరు, దాని వైద్యానికి లెక్క గూడ వేరుండాలెనని దీంతోనే తెలుస్తలేదా?

ఇగ ఔట్‌సోర్సింగ్ పిలగాండ్లు. పట్నంల వానొచ్చినా, చెట్టు పడ్డా, మంట లేసినా ఉరికే డీఆర్ఎఫ్ టీముల ఎక్కువమంది వాళ్లే. వాళ్లకు ఈహెచ్‌ఎస్ లేదు. జీతం 21 వేల లోపుంటే ఈఎస్ఐ. అంతకంటె పైసా ఎక్కువైతే ఆ దారి గూడ మూసుకపోతది. పక్కపక్కనే నిలవడి ఒకే పొగ పీల్చే ఇద్దరికి రెండు రకాల వైద్యం ఎట్ల న్యాయం?

కార్డుకు తెల్వని సంగతి

నిప్పుల చెయ్యి కాలితే అందరికి కనవడుతది. డ్యూటీల అయిందని రిజిస్టర్ల ఎక్కుతది. దానికి సెలవు, పరిహారం అడగనీకి దారి ఉంటది. క్యాన్సర్ గట్ల కాదు. అది ఏ రోజు పొగతోని మొదలైందో ఎవరు చెప్పలేరు.

హెల్త్ కార్డు ముందట ఫైర్‌మన్, గుమస్తా ఇద్దరు ఒకటే. రోగమేందని అడుగుతది, ఎందుకొచ్చిందని అడగది. వైద్యానికి ఆ ప్రశ్న అక్కరలేదు. గని పరిహారానికి కావాలె. డ్యూటీల పోయినోని కుటుంబానికిచ్చే సాయం ఈయన భార్యకు గూడ రావాలంటే కావాలె. రోగంతోని ముందే నౌకరి వదిలేటోనికి పూర్తి పింఛన్ రావాలంటే కావాలె. అప్పుడు ఆఫీసోళ్లు అడిగేది ఒక్కటే ప్రశ్న: రుజువేది? బీడీ తాగినవేమో, మీ తాతకు ఉండెనేమో, పట్నం గాలేనేమో అంటరు. బువ్వ గూడ తినలేని రోగి రుజువు ఎక్కణ్నుంచి తెస్తడు?

అందుకే ఫైర్‌మన్ల వైద్యం హక్కుల అసలు గుండెకాయ "రుజువు భారం ఎవరి మీద" అన్న మాటనే. ఇంగ్లీషోళ్లు దీన్ని ప్రిజంప్షన్ అంటరు. మన మాటల చెప్పాలంటే ముందే ఒప్పుకునుడు. ఈ పని ఇన్నేండ్లు చేసినోనికి ఈ రోగమొస్తే, పనితోనే వచ్చిందని చట్టమే ఒప్పుకుంటది. కాదనేటోడు కాదని రుజువు చెయ్యాలె. బరువు రోగి నెత్తి మీదికెళ్లి దిగి సర్కారు నెత్తికెక్కుతది.

మన చట్టంల ఈ దారి లేదా?

ఉన్నది. వంద ఏండ్ల నుంచి ఉన్నది. 1923ల వచ్చిన కార్మికుల నష్టపరిహార చట్టంల పనితోని వచ్చే రోగాల జాబితా ఒకటున్నది. జాబితాల చెప్పిన పనిని ఆరు నెలలు వరసగ చేసినోనికి దానికి రాసిన రోగమొస్తే, కాదని రుజువయ్యేదాంక అది పనిల అయిన గాయం కిందనే లెక్క. అదే చట్టం కిందికొచ్చే పనుల జాబితాల ఫైర్ బ్రిగేడ్ నౌకరి పేరు గూడ ఉన్నది. ఆ చట్టం ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌ల కలిసింది. ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమలుల ఉన్నది.

మరి లోటెక్కడ? ఆస్బెస్టాస్ పనితోని క్యాన్సర్, బెంజీన్ పనితోని రోగం అని వరసలున్నయ్. "ఫైర్‌మన్ పని, దాంతోని వచ్చే క్యాన్సర్" అనే వరస లేదు. అది చేర్చుడు ఆకాశంల చుక్కలు తెంపుడేం కాదు. రోగాల జాబితాకు కొత్త పనులు కలిపే అధికారం పాత చట్టమే సర్కార్లకు ఇచ్చింది. మూడు నెలల నోటీసు ఇయ్యాలె, నోటిఫికేషన్ తేవాలె. అడిగేటోళ్లు ఉండాలె.

ఇంక దగ్గరి ఉదాహరణ సూడండ్రి. గోదావరిఖని, భూపాలపల్లి పిలగాండ్లకు ఎరికే. సింగరేణి కార్మికునికి చేరేటప్పుడు ఒకసారి, ఆ తర్వాత కనీసం ఐదేండ్లకోసారి మెడికల్ పరీక్ష చెయ్యాలెనని 1955 గనుల నిబంధనలే చెప్తయ్. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులను తింటదని చట్టం ఒప్పుకున్నది కాబట్టే ఆ పరీక్ష. గనుల కింద దుమ్ముకు ఉన్న లెక్క గల్లీ మీద పొగకు ఎందుకుండొద్దు?

సుప్రీంకోర్టు రెండు తీర్పులు గూడ ఫైర్‌మన్ సంఘం గోడకు రాసి పెట్టుకోవాలె. ఒకటి 1995 జనవరి 27న ఆస్బెస్టాస్ కార్మికుల కేసుల వచ్చింది. కార్మికుని ఆరోగ్యం, వైద్యం నౌకరిల ఉన్నప్పుడే కాదు, రిటైరైనంక గూడ ప్రాథమిక హక్కేనని చెప్పింది. ఆస్బెస్టాస్ పని ఇచ్చేటోళ్లు కార్మికుని ఆరోగ్య రికార్డును చేరిన నాటి నుంచి 40 ఏండ్లు, లేకుంటే రిటైరైనంక 15 ఏండ్లు, ఏది ఎక్కువైతే అప్పటిదాంక దాచాలెనన్నది. రోగం ఆలస్యంగ లేస్తదని కోర్టుకు ఎరుకైంది కాబట్టే అంత కాలం. రెండోది 2018 ఏప్రిల్ 13ది, శివకాంత్ ఝా కేసు. ఆస్పత్రి పేరు లిస్టుల లేదన్న ఒక్క సాకుతోని ఉద్యోగి వైద్యం బిల్లు కొట్టేయొద్దు, వైద్యం నిజంగ జరిగిందా లేదా అన్నదే సూడాలెనన్నది. బిల్లు తిరిగొచ్చిన ప్రతి ఉద్యోగి ఈ తీర్పు పేరు రాసి మళ్ల పెట్టొచ్చు.

బయటి సంఘాలు ఎట్ల గెలిచినయ్?

అమెరికా ఫైర్‌మన్ల అంతర్జాతీయ సంఘం, బ్రిటన్ ఫైర్ బ్రిగేడ్స్ యూనియన్, రెండూ 1918ల పుట్టినయే. వందేండ్ల అనుభవం. కాలిఫోర్నియాల 1982ల ఫైర్‌మన్‌కు వచ్చే క్యాన్సర్‌ను పనితోని వచ్చిందిగ ముందే ఒప్పుకునే చట్టం తెచ్చుకున్నరు. ఆ తర్వాత ఒక్కొక్క రాష్ట్రం ఆ దారి పట్టింది. కెనడాల మానిటోబా రాష్ట్రం 2002ల ముందడుగేసింది. ఒక్క దినంల కాలేదు. ఎక్కడికక్కడ, ఒక్కొక్క రోగం పేరు చేర్చుకుంట పోయిన్రు.

న్యూయార్క్ కథ మనకు ఎక్కువ పనికొస్తది. 2001 సెప్టెంబర్ 11న జంట భవనాలు కూలితే 343 మంది ఫైర్ సిబ్బంది ఆ దినమే పోయిన్రు. మిగిలినోళ్లు నెలల తరబడి ఆ దుమ్ముల పనిచేసిన్రు. దగ్గు మొదలైంది. దుమ్ముతోనే అని ఎట్ల చెప్పాలె? అక్కడ ఒక మంచి పని ముందే జరిగి ఉన్నది. ఆ ఫైర్ శాఖ తన సిబ్బందికి కూలకముందు నుంచే క్రమం తప్పకుంట ఊపిరి పరీక్షలు చేయించి రాసిపెట్టింది. కూలకముందు లెక్క, కూలినంక లెక్క పక్కపక్కన పెడితే, వయసుతోని 12 ఏండ్లల్ల తగ్గాల్సిన ఊపిరి బలం ఒక్క ఏడాదిల తగ్గినట్టు తేలింది. ఆ పరిశోధన 2006ల అచ్చయింది. ఆ కాయితాలు పట్టుకొని సంఘాలు, రోగంతోని ఉన్న సిబ్బంది వాషింగ్టన్ మెట్లెక్కిన్రు. 2011 జనవరిల జాద్రోగా చట్టం వచ్చింది. 2019ల పరిహార నిధి గడువు 2090 దాంక పొడిగించిన్రు. అప్పుడు చిన్న వయసుల ఉన్నోళ్లకు ముసలితనంల రోగమొచ్చినా సాయం అందాలెనని. 2023 సెప్టెంబర్ నాటికి ఆ దుమ్ము రోగాలతోని పోయిన ఫైర్ సిబ్బంది సంఖ్య గూడ 343కు చేరింది. కూలిన దినం ఎంతమంది పోయిన్రో, తర్వాత మెల్లమెల్లగ అంతమంది పోయిన్రు.

బ్రిటన్‌ల సంఘం వేరే దారి పట్టింది. సర్కారు లెక్కలు తీస్తలేదని తానే ఒక యూనివర్సిటీతోని పరిశోధన చేయించింది. స్కాట్లండ్ ఫైర్‌మన్లు క్యాన్సర్‌తోని చనిపోయే రేటు మామూలు జనం కంటె 1.6 రెట్లు ఉన్నదని 2023ల బయటపెట్టిన్రు. మసి డ్రెస్సు స్టేషన్‌లనే ఉతకాలె, ఇంటికి తేవొద్దు, పని కాంగనే తానం చెయ్యాలెనని సభ్యులకే పాఠాలు పెట్టిన్రు. వాళ్లకు ఇంక కాలిఫోర్నియా అసుంటి చట్టం రాలే. కొట్లాడుతనే ఉన్నరు.

ఈ ముచ్చట్లన్నిట్ల నాకు కనవడేది ఒక్కటే. గెలిచినోళ్లు కాయితంతోని గెలిచిన్రు. కాయితం లేని కాడ సంఘమే కాయితం పుట్టించింది.

సంఘం పెట్టుకోవచ్చా?

చాన మంది తమ్ముళ్లు అడిగే ప్రశ్న ఇది. యూనిఫాం ఉన్నది, సంఘమెట్ల అని భయపడతరు. పోలీసోళ్ల సంఘాలకు 1966 చట్టం కట్టడి పెట్టింది. రాజ్యాంగం 33వ అధికరణం సైన్యం, శాంతిభద్రతల బలగాల హక్కులకు హద్దులు పెట్టనిస్తది. ఫైర్‌మన్ లాఠీ పట్టడు, అరెస్టు చెయ్యడు. ఫైర్ సర్వీసుకు 1999 నాటి సొంత చట్టమున్నది. 19వ అధికరణం ఇచ్చిన సంఘం హక్కు ఆయనకు ఉండాలెననేది నా వాదన. అంతర్జాతీయ కార్మిక సంస్థ గూడ సంఘం హక్కుకు మినహాయింపు సైన్యానికి, పోలీసుకే పెట్టింది, ఫైర్‌మన్లకు సంఘం హక్కు ఉండాలెననే చెప్పుకుంట వస్తున్నది. మన దేశం ఆ 87వ ఒప్పందం మీద ఇంక సంతకమే పెట్టలే, అది వేరే సిగ్గు.

సమ్మె సంగతి వేరు. సర్కారు ఉద్యోగికి సమ్మె హక్కు లేదని 2003ల సుప్రీంకోర్టు తమిళనాడు కేసుల చెప్పింది. ప్రవర్తన నిబంధనలు గూడ వద్దంటయ్. ఫైరింజన్ ఆపుడు నేను గూడ ఒప్పుకోను. గల్లీల పిల్లలు కాలిపోతుంటే పైపు కింద పెట్టే సంఘం ఎవరి మనసు గెలవదు. సంఘం బలం సమ్మెలనే లేదు. లెక్క తీసుడు, అర్జీ పెట్టుడు, కోర్టుకెక్కుడు, పెద్ద జేఏసీ బల్ల మీద తన అంశం పెట్టించుడు గూడ సంఘం పనులే. లక్షల మంది ఉద్యోగుల నడుమ ఫైర్‌మన్లు పిడికెడు మందే. వాళ్ల పొగ ముచ్చట వాళ్లు చెప్పకుంటే అది డీఏ, పీఆర్సీ మాటల నడుమ మునిగిపోతది.

ఏం అడగాలె?

ఒకటి, ప్రతి ఫైర్‌మన్‌కు ఏడాదికోసారి పైసా లేకుంట పరీక్ష. ఊపిరి బలం, ఛాతీ, రక్తం, మూత్రం. కాపీ ఉద్యోగి చేతికియ్యాలె.

రెండు, ప్రతి మంటకు పొగ రిజిస్టర్. ఎవరు పోయిన్రు, ఎంతసేపున్నరు, ఏం కాలింది, మాస్కు ఉన్నదా లేదా. ఫైర్ రిపోర్టు ఎట్లాగు రాస్తరు, అండ్ల నాలుగు గడులు ఎక్కువ.

మూడు, ఆ రికార్డులు ఆస్బెస్టాస్ తీర్పు లెక్కన 40 ఏండ్లు దాచుడు.

నాలుగు, పనితోని వచ్చే రోగాల జాబితాల ఫైర్‌మన్ పని, దాని క్యాన్సర్లు చేర్చుడు.

ఐదు, స్టేషన్‌లనే డ్రెస్సు ఉతికే మిషన్, ఒక్కొక్కనికి రెండు జతలు, తానాల గది.

ఆరు, ఔట్‌సోర్సింగ్ పిలగాండ్లకు గూడ ఇదే వైద్యం, ఇదే రిజిస్టర్.

పైసలెక్కడివంటరు. ఫైర్ సర్వీసుల ఆధునికీకరణ కోసం 2023ల కేంద్రం 5,000 కోట్ల పథకం పెట్టింది. నిచ్చెనలు, బండ్లు, రోబోలు కొననీకి దారి దొరికినప్పుడు, ఆ బండి నడిపే మనిషి ఊపిరి కొలిచే చిన్న మిషన్‌కు దారి దొరకదా?

ఇంకో మాట అంటరు. నౌకరిల చేరేటప్పుడే తెల్వదా నిప్పుల పని అని. మంట ముప్పు తెలిసే చేరిండు. ముప్పై ఏండ్ల తర్వాత లేసే రోగం ముచ్చట ఆయనకు ఎవరు చెప్పిన్రు? ట్రైనింగ్‌ల పైపు పట్టుడు నేర్పినట్టు ఇది గూడ నేర్పాలె.

ఊర్ల నుంచి ఒక మాట వస్తది, అది గూడ న్యాయమే. కూలి చేసుకునే మా నాయినకు లేని సుఖం సర్కారు నౌకరోనికెందుకని. ఆరోగ్యశ్రీ హద్దు 2023 డిసెంబర్‌ల పది లక్షలు చేసిన్రు. గని బకాయిల కోసం ఆస్పత్రులు తలుపు మూసిన దినం మీ నాయిన కార్డు, ఫైర్‌మన్ కార్డు రెండూ ఒకే తలుపు బయట నిలవడ్డయ్. ఒకరు కొట్లాడి ఆ తలుపు తెరిపిస్తే రెండోవోనికి గూడ దారి దొరుకుతది. పత్తిచేన్ల మందు కొట్టి రోగం తెచ్చుకున్న రైతు కూలీ రేపు "నా రోగం నా పనితోనే వచ్చింది" అని అడగాలంటే, ఇసుంటి ఒక్క గెలుపు ముందట ఉండాలె.

ఇప్పటికిప్పుడు ఏం చెయ్యొచ్చు?

సర్కారు కదిలేదాంక ఆగనక్కరలేదు. నౌకరిల ఉన్న తమ్మీ, ఒక నోటుబుక్కు పెట్టుకో. తారీఖు, జాగ, ఏం కాలింది, ఎంతసేపున్నవ్, ఆ రాత్రి దగ్గొచ్చిందా, కండ్లు మండినయా, రాసుకో. డాక్టర్ చిట్టీలు, ఎక్స్‌రేలు, బిల్లులు పారేయకు. ఫోన్‌ల ఫొటో తీసి ఇంకో కాడ దాచు. చేరేనాటి ఫిట్‌నెస్ కాయితం కాపీ అడిగి తెచ్చుకో. మసి డ్రెస్సు ఇంటి బట్టలల్ల కలపకు. దగ్గు మూడు వారాలు దాటినా, మూత్రంల నెత్తురు కనవడ్డా ఆలస్యం చెయ్యకు. డాక్టర్‌కు మొదలు చెప్పాల్సిన మాట "నేను ఫైర్‌మన్‌ను" అని. చిట్టీ మీద ఆ మాట రాయించుకో.

పరీక్షకు తయారైతున్న తమ్మీ, చెల్లె, మీకు ఎరుకున్న స్టేషన్‌ల అన్నలను ఇవి అడగండ్రి. వాళ్లకు జవాబు తెల్వకుంటే ఈ ముచ్చట పంపుండ్రి.

ఏటా ఏప్రిల్ 14న ఫైర్ సర్వీస్ దినం జరుపుతరు. 1944ల అదే దినం బొంబాయి రేవుల ఓడ పేలి, మంటలార్పబోయిన 66 మంది ఫైర్ సిబ్బంది పోయిన్రు. వాళ్ల పేర్లు రాతి మీద ఉన్నయ్, దండలు వేస్తం. మెల్లగ, ఇంట్ల మంచం మీద, దగ్గుకుంట పోయినోళ్ల పేర్లు ఏ రాతి మీద లేవు, ఏ రిజిస్టర్ల లేవు. ముందుగాల రిజిస్టర్ల ఎక్కియ్యాలె. హక్కు అడుగనీకి అక్కణ్నుంచే మొదలువెట్టాలె.